అమీర్‌పేట నెట్‌వర్కింగ్ గురువులకు: ఆ బ్యాండ్‌విడ్త్ అంకె గురించి



మీ దగ్గర నెట్‌వర్కింగ్ నేర్చుకుని ఉద్యోగాల్లో చేరిన పిల్లలతో రోజూ పనిచేసేవాణ్ని నేను. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి, కడప నుంచి వచ్చి, హాస్టల్ గదుల్లో ముగ్గురు నలుగురు సర్దుకుని, తెల్లారగట్ల బ్యాచీలకు పరుగెత్తి చదువుకున్నవాళ్లు. సబ్‌నెట్ లెక్కలు కాగితం లేకుండా చేస్తారు. ఏ వీలాన్ ఏ ట్రంకులో పోతోందో అడిగితే ఠక్కున చెబుతారు. వాళ్లకు ఆ పునాది వేసింది మీరే. వాళ్ల మేనేజర్లకు కాకుండా మీకే ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. ఈ విషయం సరిగ్గా తలకెక్కితే మీ క్లాసులోనే ఎక్కాలి. తర్వాత చెప్పేవాళ్లు దొరకరు.

ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడల్లా ఒక ప్రశ్న అడుగుతుంటాను. రౌటర్ ఇంటర్‌ఫేస్ మీద ‘బ్యాండ్‌విడ్త్ 2048’ అని కొడితే ఏమవుతుంది? తరచుగా వినపడే జవాబు: ‘లింకు స్పీడు రెండు ఎంబీకి సెట్ అవుతుంది సార్.’ ఇంకొందరు ‘రెండు ఎంబీకి మించి పోనివ్వదు సార్’ అంటారు. రెండూ తప్పే. ఆ కమాండ్ కొట్టినంత మాత్రాన లైను మీద ఒక్క బిట్టు ఎక్కువ పోదు, ఒక్క బిట్టు తగ్గదు. ‘ఈ లైను సత్తా ఇంత’ అని మనం రౌటర్‌కు చెప్పుకునే మాట అది, అంతే. చెప్పింది నిజమో కాదో రౌటర్ సరిచూసుకోదు. నమ్ముతుంది. నమ్మి, దాని మీద బోలెడు నిర్ణయాలు తీసుకుంటుంది.

రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద అంకె మారిస్తే ఊరు దగ్గరకు రాదు. కానీ ఆ అంకె చూసి బయల్దేరినవాడి లెక్కలన్నీ తారుమారవుతాయి. ఈ కమాండ్ సంగతి కూడా అంతే.

దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేయడానికి వీల్లేదని చెప్పడానికి ఒక సంఘటన రాస్తాను. ఒక మండల కేంద్రంలో ఒక బ్యాంకు బ్రాంచి. పది ఎంబీపీఎస్ లీజ్డ్ లైను. ఒకటో తారీఖు, పెన్షన్ల కోసం వచ్చిన పెద్దవాళ్లు పొద్దుటి నుంచీ వరసలో ఉన్నారు. కౌంటర్లో స్క్రీను తిరుగుతూనే ఉంది తప్ప ముందుకు కదలడం లేదు. మేనేజరు టికెట్ పెట్టారు. డ్యూటీలో ఉన్న కుర్రాడు వెంటనే రౌటర్లోకి వెళ్లి ‘షో ఇంటర్‌ఫేసెస్’ కొట్టాడు. పోర్టు అప్‌లో ఉంది, ఎర్రర్లు లేవు, టీఎక్స్‌లోడ్ 2/255. ‘లింకు దాదాపు ఖాళీగా ఉంది, అప్లికేషన్ టీమును సంప్రదించండి’ అని టికెట్ మూసేశాడు. అప్లికేషన్ టీము సర్వర్ బాగానే ఉందని తిప్పి పంపింది. మధ్యాహ్నం దాకా ఆ టికెట్ ఇటూ అటూ తిరిగింది. వరసలో ఉన్నవాళ్లు అక్కడే ఉన్నారు.

ఆ కుర్రాడు చూసిన తెర మీదే సమాధానం మొత్తం ఉంది. ప్రొవైడర్ లైనును ఫైబర్ మీద తెచ్చి, కన్వర్టర్ పెట్టి, రౌటర్ గిగాబిట్ పోర్టులో గుచ్చి వెళ్లాడు. పోర్టు గిగాబిట్ కాబట్టి రౌటర్ తనంతట తాను బ్యాండ్‌విడ్త్ అంకెను 1000000 కిలోబిట్లుగా రాసుకుంది. కొన్నది పది ఎంబీ అని దానికెలా తెలుస్తుంది? లోడ్ లెక్క ఆ అంకెతోనే జరుగుతుంది: వాడకాన్ని బ్యాండ్‌విడ్త్‌తో భాగించి 255కి ఎంతో చూపిస్తుంది. లైను మీద 9.6 ఎంబీపీఎస్ పోతోంది, అంటే పీకల దాకా నిండిపోయింది. కానీ వెయ్యి ఎంబీలో 9.6 అంటే 255కి రెండున్నర కూడా కాదు. అందుకే 2/255. అదే ఇంటర్‌ఫేస్ మీద ‘బ్యాండ్‌విడ్త్ 10000’ అని రాసి ఉంటే అదే ట్రాఫిక్‌కు 244/255 కనపడేది. అప్పుడు టికెట్ మూసేవాడు కాదు.

ఇంకో సంగతి. అదే అవుట్‌పుట్‌లో కొన్ని వరసల కింద ‘ఫైవ్ మినిట్ అవుట్‌పుట్ రేట్’ అనే లైను ఉంటుంది. అక్కడ సెకనుకు 96 లక్షల బిట్లు అని స్పష్టంగా ఉంది. అది రౌటర్ కొలిచిన అంకె, దానికీ మనం రాసిన బ్యాండ్‌విడ్త్‌కూ సంబంధం లేదు. లోడ్ మాత్రం కొలిచినదాన్ని చెప్పినదానితో భాగిస్తే వచ్చేది. ఈ తేడా తెలిసినవాడు రెండు లైన్లూ కలిపి చదువుతాడు. తెలియనివాడు 2/255 దగ్గర ఆగిపోతాడు. ఆ కొలత కూడా మామూలుగా అయిదు నిమిషాల సగటు. ఉన్నపళంగా వచ్చి పోయే ఒత్తిడి అందులో కలిసిపోతుంది. ‘లోడ్ ఇంటర్వెల్ 30’ పెట్టి ముప్పై సెకన్లకు దించితే బొమ్మ మరింత తేటగా కనపడుతుంది. దాన్నీ ఆ క్లాసులోనే చూపించండి.

అసలు ఈ అంకె మనం చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చింది? పాత సీరియల్ పోర్టుల దగ్గర మొదలుపెట్టి చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుంది. సీరియల్ లింకులో క్లాకు మోడెమ్ వైపు నుంచి వస్తుంది. అది ఎంత వేగంతో వస్తోందో రౌటర్ కనుక్కోదు. కాబట్టి సిస్కో వాళ్లు ఒక అంకెను ముందే రాసి పెట్టారు: 1544 కిలోబిట్లు. అది అమెరికా టీ1 లైను వేగం. 64 కిలోబిట్ల చానళ్లు ఇరవై నాలుగు, వాటి పైన ఫ్రేమింగుకు ఇంకో 8. బెల్ సిస్టమ్ 1962లో వాడకంలోకి తెచ్చిన లైను అది. మన దేశంలో నడిచింది ఈ1: 64 కిలోబిట్ల స్లాట్లు ముప్పై రెండు, మొత్తం 2048. దానికన్నా ముందు బ్రాంచీలకు వెళ్లినవి 64 కిలోబిట్ల లైన్లు. అంటే మన ఊళ్లలో వీ.35 కేబుల్ గుచ్చిన రౌటర్, ఎవరూ కమాండ్ కొట్టకపోతే, మన దేశంలో లేని లైను వేగాన్ని నమ్ముకుని కూర్చునేది.

దాని ఫలితం చిన్నది కాదు. ఈఐజీఆర్‌పీ తన సొంత ప్యాకెట్ల కోసం, మనం వేరే చెప్పకపోతే, ఇంటర్‌ఫేస్ బ్యాండ్‌విడ్త్‌లో సగం దాకా వాడుకోవచ్చు అనుకుంటుంది. 1544లో సగం 772. అసలు లైను 64. నెట్‌వర్క్‌లో ఏదో ఒక మూల లింకు పడిపోయి అప్‌డేట్లు వెల్లువెత్తిన క్షణాన, ఆ 64 కిలోబిట్ల లైను మీద దానికి పన్నెండింతలు పంపుకోవచ్చన్న భ్రమలో రౌటర్ ఉంటుంది. అలాంటప్పుడు కస్టమర్ డేటాకు చోటెక్కడ మిగులుతుంది?

ఆ సీరియల్ లైన్లు ఇప్పుడు చాలావరకు పోయాయి కదా అని మీరు అనొచ్చు. సీసీఎన్ఏ సిలబస్ కూడా అదే దారి పట్టింది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన 200-301 పరీక్షలో ఈఐజీఆర్‌పీ లేదు, సీరియల్ లింకుల పాఠాలు లేవు. బ్యాండ్‌విడ్త్ కమాండ్‌ను ఎక్కువగా నేర్పుతూ వచ్చింది ఆ రెండు పాఠాల్లోనే. అవి పోవడంతో ఇదీ జారిపోయింది. కానీ ఫీల్డులో దాని అవసరం తగ్గలేదు, పెరిగింది. సీరియల్ రోజుల్లో పోర్టు వేగమూ కొన్న వేగమూ కాస్త దగ్గర దగ్గరగా ఉండేవి. ఇప్పుడు రెండు ఎంబీ కొన్నా, యాభై కొన్నా, అయిదొందలు కొన్నా వచ్చి గుచ్చుకునేది ఒకటే గిగాబిట్ పోర్టు. ఆ పోర్టు చెప్పేదానికీ లైను మోయగలిగేదానికీ మధ్య ఇంత ఎడం ఎప్పుడూ లేదు.

ఓఎస్‌పీఎఫ్ పాఠంలో ఈ అంకె చేసే పని అందరికన్నా మీకే బాగా తెలిసిన విషయం. అయినా ఒక కేసు చెబుతాను, క్లాసులో పనికొస్తుంది. సిస్కో రౌటర్లో ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ అంటే పది కోట్ల బిట్లను, అంటే 100 ఎంబీపీఎస్‌ను, ఇంటర్‌ఫేస్ బ్యాండ్‌విడ్త్‌తో భాగించగా వచ్చేది. ఒకటి కన్నా తక్కువ వస్తే ఒకటే. ఒక బ్రాంచికి మెయిన్ లింకు 100 ఎంబీ ఫైబరు, బ్యాకప్ 10 ఎంబీ రేడియో. రెండూ గిగాబిట్ పోర్టుల్లోనే దిగాయి, ఎవరూ బ్యాండ్‌విడ్త్ ముట్టుకోలేదు. రెండింటి కాస్టూ 1. హెడ్డాఫీసు వైపూ అదే పరిస్థితి. ఓఎస్‌పీఎఫ్ దృష్టిలో రెండు దారులూ సమానం, కాబట్టి ట్రాఫిక్‌ను రెంటి మీదా పంచేస్తుంది. ఈ పంపకం మామూలుగా ప్యాకెట్‌కు ప్యాకెట్ జరగదు. ఏ ఐపీ నుంచి ఏ ఐపీకి అన్న జంటను బట్టి జరుగుతుంది. అందువల్ల పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు ఉద్యోగుల్లో ఒకరికి సిస్టమ్ పరుగెడుతుంది, ఇంకొకరికి పాకుతుంది. ఒకే స్విచ్, ఒకే అప్లికేషన్, ఒకే సర్వర్. కంప్యూటర్ మారుస్తారు, కేబుల్ మారుస్తారు, విండోస్ మళ్లీ వేస్తారు. తప్పు అక్కడ లేదు.

మెయిన్ మీద ‘బ్యాండ్‌విడ్త్ 100000’, రేడియో మీద ‘బ్యాండ్‌విడ్త్ 10000’ అని రాస్తే కాస్టులు 1, 10 అవుతాయి, బ్యాకప్ బ్యాకప్‌లా కూర్చుంటుంది. అయితే ఇది రెండు చివర్లా రాయాలి. కాస్ట్ అనేది బయటికి వెళ్లే ఇంటర్‌ఫేస్‌కు సంబంధించిన లెక్క. బ్రాంచిలో మాత్రమే రాసి వదిలేస్తే అప్‌లోడ్ ఫైబర్ మీద పోతుంది గానీ, హెడ్డాఫీసు నుంచి వచ్చే డేటా ఇంకా సగం రేడియో మీదే వస్తుంటుంది. పిల్లలు ఇక్కడే ఎక్కువ తడబడతారు. అటు చివర మరో చిక్కు. హెడ్డాఫీసులో ఒకే గిగాబిట్ పోర్టు మీద వీలాన్‌కొకటి చొప్పున సబ్ఇంటర్‌ఫేసులు ఉంటాయి, ఒక్కో బ్రాంచికి ఒక్కోటి. మనం రాయకపోతే ప్రతి సబ్ఇంటర్‌ఫేసూ తల్లి పోర్టు అంకెనే చూపిస్తుంది. కాబట్టి ఒక్కోదానికీ విడిగా రాయాలి.

100 ఎంబీ రిఫరెన్సు ఈ రోజుల్లో చాలదు. ‘ఆటో కాస్ట్ రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్’ పెంచడం గురించి మీరు ఎలాగూ చెబుతారు, అన్ని రౌటర్లలోనూ ఒకేలా పెట్టాలని కూడా చెబుతారు. దానికి ఒక వాక్యం చేర్చండి: రిఫరెన్సు ఎంత పెంచినా ఇంటర్‌ఫేస్ అంకె అబద్ధమైతే కాస్టూ అబద్ధమే.

టన్నెళ్ల సంగతి దీనికి తలకిందులు. గిగాబిట్ పోర్టు ఉన్నదానికన్నా ఎక్కువ చెబితే, జీఆర్ఈ టన్నెల్ మరీ తక్కువ చెబుతుంది. పాత ఐఓఎస్‌లో టన్నెల్ బ్యాండ్‌విడ్త్ 9 కిలోబిట్లు, ఆ తర్వాతి వాటిలో 100. తొమ్మిదికి ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ 11111 వస్తుంది. ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్ కాస్టుల్లో ఆ అయిదు ఒకట్లు కనపడ్డాయంటే అక్కడెవరో టన్నెల్ కట్టి బ్యాండ్‌విడ్త్ రాయడం మరిచారని చూడగానే చెప్పేయొచ్చు. మీ విద్యార్థులకు ఈ గుర్తు నేర్పితే ఎవరికో ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.

క్వాలిటీ ఆఫ్ సర్వీస్ దగ్గరకు వచ్చేసరికి నష్టం ఇంకా లోతుగా దిగుతుంది. వాయిస్‌కు ‘ప్రయారిటీ పర్సెంట్ 30’ అని పాలసీ రాస్తాం. ముప్పై శాతం దేనిలో? ఇంటర్‌ఫేస్ బ్యాండ్‌విడ్త్‌లో. గిగాబిట్ అంకె ఉంటే వాయిస్‌కు 300 ఎంబీ హామీ ఇచ్చినట్టు, ఉన్న లైను పది. ‘సరే, బ్యాండ్‌విడ్త్ 10000 రాస్తే సరిపోతుంది కదా’ అంటారు పిల్లలు. శాతం లెక్క సరిపోతుంది, పని మాత్రం జరగదు. పోర్టు నిజంగా గిగాబిట్ వేగంతోనే ప్యాకెట్లు బయటికి తోసేస్తోంది, రౌటర్లో క్యూ ఏర్పడటమే లేదు. క్యూ లేని చోట ప్రయారిటీకి అర్థం లేదు. పది ఎంబీకి మించినదాన్ని ప్రొవైడర్ తన స్విచ్‌లో కోసేస్తాడు. అక్కడ ఏది ఫోన్ కాలో, ఏది వీడియో డౌన్‌లోడో చూసేవాళ్లు లేరు. ఇక్కడ కావాల్సింది నిజంగా వేగాన్ని పట్టి ఆపే ‘షేప్ యావరేజ్ 10000000’. దాన్ని పై పాలసీగా పెట్టి, వాయిస్ పాలసీని దాని కింద పెడితే ముప్పై శాతం లెక్క కూడా షేప్ వేగం నుంచే వస్తుంది.

పై పేరాలో రెండు అంకెలు మరోసారి చూడండి. బ్యాండ్‌విడ్త్‌లో 10000, షేప్‌లో 10000000. ఒకటి కిలోబిట్లలో, ఇంకొకటి బిట్లలో. సీరియల్ పోర్టు మీద ‘క్లాక్ రేట్’ కూడా బిట్లలోనే, అదీ నిజంగా వేగాన్ని మార్చే కమాండే. ఓఎస్‌పీఎఫ్ రిఫరెన్సు మెగాబిట్లలో. డిలే పది మైక్రోసెకన్ల లెక్కలో. ఒకే పెట్టెలో ఇన్ని కొలతలున్నప్పుడు, పది ఎంబీ కదా అని ‘బ్యాండ్‌విడ్త్ 10’ కొట్టేవాడు తప్పకుండా ఉంటాడు. అది పది కిలోబిట్లు, కాస్ట్ 10000. కొత్తగా డబ్బు పెట్టి కొన్న లింకు వైపు ట్రాఫిక్ తొంగి కూడా చూడదు. పదిని 1024తో హెచ్చించి 10240 అని రాసే అలవాటు కూడా మనవాళ్లలో ఉంది. దాని వల్ల పెద్ద నష్టం లేదు గానీ, లైన్ల లెక్కలో కిలో అంటే వెయ్యే. 2048 రావడానికి కారణం ముప్పై రెండు అరవై నాలుగులు, అంతకు మించి ఏమీ లేదు.

ఒక అలవాటును మాత్రం గట్టిగా మాన్పించమని అడుగుతున్నాను. ట్రాఫిక్‌ను ఒక లింకు మీద నుంచి ఇంకో లింకు మీదకు తిప్పడానికి బ్యాండ్‌విడ్త్‌ను కావాలని తగ్గించి రాయడం. పని వెంటనే అయిపోతుంది, అందుకే అందరికీ ఇష్టం. కానీ పది ఎంబీ లైను మీద ‘బ్యాండ్‌విడ్త్ 1000’ రాస్తే రౌటింగ్ ఒక్కటే మారదు. ఈఐజీఆర్‌పీ తన ప్యాకెట్లను 500 కిలోబిట్లలో ఇరికించుకుంటుంది. శాతాల్లో రాసిన పాలసీ మొత్తం కుంచించుకుపోతుంది. ఎస్ఎన్ఎంపీ ద్వారా మానిటరింగ్ టూల్ అడిగే ఇంటర్‌ఫేస్ స్పీడు కూడా ఇదే అంకె కాబట్టి, గ్రాఫులో లైను వెయ్యి శాతం నిండినట్టు కనపడుతుంది. అలాంటి గ్రాఫు చూసిన మేనేజరు ఇక ఏ గ్రాఫునూ నమ్మడు. ఓఎస్‌పీఎఫ్‌లో దారి మార్చాలంటే ‘ఐపీ ఓఎస్‌పీఎఫ్ కాస్ట్’ ఉంది. ఈఐజీఆర్‌పీలో డిలే మార్చొచ్చు, సిస్కో సలహా కూడా అదే. బ్యాండ్‌విడ్త్‌లో దారిలోని అతి సన్నటి లింకే లెక్కకొస్తుంది, డిలే మాత్రం దారి పొడుగునా కూడుతూ పోతుంది. కాబట్టి ఫలితం ముందే అంచనా వేయొచ్చు. ఇది ఒక్క కంపెనీ పెట్టెల వ్యవహారం కూడా కాదు. జూనిపర్‌లో యూనిట్ కింద రాసే బ్యాండ్‌విడ్త్ కూడా ఇలా చెప్పుకునే మాటే, వేగాన్ని పట్టి ఆపేది కాదు.

ఆ గ్రాఫుల విషయం కాస్త సీరియస్‌గా తీసుకోండి. కొత్త బ్రాంచికి లైను పెంచాలా వద్దా అన్నది శాతాలు చూసి తేల్చేవాళ్లు కాన్ఫిగరేషన్ ఎప్పుడూ తెరిచి చూడరు. గిగాబిట్ అంకె అలాగే వదిలేసిన పది ఎంబీ లైను ఎంత నిండినా రిపోర్టులో ఒక్క శాతమే. ‘వాడకం లేదు, అప్‌గ్రేడ్ అక్కర్లేదు’ అని ఫైలు వెనక్కి వస్తుంది. ఇందాక చెప్పిన బ్రాంచిలో ఒకటో తారీఖు వరసకు అసలు మూలం అక్కడే ఉంది. టికెట్ మూసిన కుర్రాడి మీద మొత్తం తప్పు వేయడానికి నాకు మనసొప్పలేదు.

ఇప్పుడు అసలు విన్నపం. ఈ పాఠానికి ఒక్క పూట ఇవ్వండి. మీ ల్యాబులో పాత రౌటర్లు రెండున్నా చాలు. మధ్యలో ఫాస్ట్ ఈథర్‌నెట్ కేబుల్ గుచ్చి, టీఎఫ్‌టీపీతో ఒక ఐఓఎస్ ఫైలు కాపీ చేయించండి. చివర్లో ఎన్ని బైట్లు ఎన్ని సెకన్లలో వచ్చాయో రౌటరే చూపిస్తుంది, రాసుకోమనండి. తర్వాత ఇంటర్‌ఫేస్ మీద ‘బ్యాండ్‌విడ్త్ 64’ కొట్టి మళ్లీ కాపీ చేయించండి. టైము మారదు. వెంటనే ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్’ చూపించండి: కాస్ట్ 1 నుంచి 1562కి ఎగిరి ఉంటుంది. ఆ రెండు తెరలనూ పక్కపక్కన చూసినవాడు జీవితంలో ‘స్పీడు సెట్ అవుతుంది సార్’ అనడు. ప్యాకెట్ ట్రేసర్‌లో కాపీ టైములు నిజంలా ఉండవు గానీ, కాస్ట్ మారడం అందులోనూ చూపించొచ్చు.

ఆ తర్వాత ఒక ఉత్తుత్తి పర్చేజ్ ఆర్డర్ చేతికివ్వండి. లైను 50 ఎంబీ, హ్యాండాఫ్ గిగాబిట్ ఈథర్‌నెట్, సర్క్యూట్ నంబరు ఇంత అని ఉన్న కాగితం. దాన్ని చూసి కాన్ఫిగరేషన్ రాయమనండి. ఏ అంకె ఎక్కడికి వెళ్లాలి, ఏది షేప్‌లోకి, ఏది బ్యాండ్‌విడ్త్‌లోకి, ఏది డిస్క్రిప్షన్‌లోకి అని వాళ్లే తేల్చుకోవాలి. ఉద్యోగంలో మొదటిరోజు వాళ్ల చేతికొచ్చేది సరిగ్గా అలాంటి కాగితమే. నెల తర్వాత అదే ల్యాబులో ఆర్డర్‌ను 100 ఎంబీకి మార్చి, షేప్ ఒక్కటే మార్చి బ్యాండ్‌విడ్త్ మరిచిపోయింది ఎవరో వెతకమనండి. లైను అప్‌గ్రేడ్ అయిన ప్రతిసారీ మా దగ్గర జరిగే తప్పు అదే.

పాఠానికి పనికొచ్చే షో అవుట్‌పుట్లను, వాటిలోని ఐపీలు, పేర్లు తీసేసి, పంపడానికి నేను సిద్ధం. శని ఆదివారాల్లో ఏ బ్యాచీకైనా వచ్చి ఈ ల్యాబు చేసి చూపించమన్నా వస్తాను. రెండు రౌటర్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక వైట్‌బోర్డు ఉంటే చాలు.

ఇట్లు,
మీ విద్యార్థులతో పనిచేసే
ఒక నెట్‌వర్క్ ఇంజినీరు,
హైదరాబాద్